అది గజ్జి కాదు

పోయినసారి ఎండదెబ్బ గురించి పెట్టిన పోస్టు చదివి చాలామంది మెసేజ్‌లు పెట్టిండ్రు. అందుల ముగ్గురు అడిగింది మాత్రం ఎండ గురించి కాదు. "అన్నా, చేతులకు దురద, పగుళ్లు, ఎన్ని మందులు రాసినా తగ్గుతలేదు, ఏం చెయ్యాలె?" అని. ఇద్దరు మేస్త్రీలు, ఒకాయన ఎపాక్సీ ఫ్లోరింగ్ పని. దానికి రెండు లైన్లల్ల జవాబు ఇయ్యరాదు. అందుకని ఈ ఆదివారం మటన్ పొయ్యి మీద పెట్టి రూమోళ్ళం ఆరుగురం కూర్చొని ఇది రాస్తున్నం. టైపు కొట్టేది ఒక్కరే, మాట అందరిది. ఎక్కడన్న తప్పు రాస్తే పక్కనుంచి ఐదుగురు అరుస్తున్నరు. మేము, మేము అని రాసుడు అందుకే.

మాలో డాక్టర్లు ఎవరూ లేరు. పదో తరగతి పాసైనోళ్ళం ముగ్గురం, మిగతా వాళ్ళు ఏడు, ఎనిమిది. ఇద్దరం సూపర్‌వైజర్లం, ఒకాయన ఛార్జ్‌హ్యాండు, మిగతా వాళ్ళు బ్లాకు, ప్లాస్టరు, టైల్స్. ఆరుగురి సర్వీసు కలిపితే సిమెంటుతోని 90 ఏండ్ల సంబంధం. అయినా ఈ సంగతి మొన్న మొన్నటి దాక మాకు తెల్వదు. తెల్వక ఒక తమ్మిని మస్తు బాధ పెట్టినం. ముందు అది చెప్తం, తర్వాత రోగం సంగతి.

తమ్మిది జగిత్యాల దిక్కు. పేరు వద్దన్నడు, పెట్టం. 2021 ఆఖర్ల దుబాయి వచ్చిండు, అప్పటికి 24 ఏండ్లు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టిండు, అందుల లక్ష మిత్తికి తెచ్చింది. హెల్పర్ వీసా మీద వచ్చి ఏడాది తిరిగేలోపల టైల్స్ పని పట్టుకున్నడు. చెయ్యి సాఫు. మనం లెవల్ పెట్టి చూసేలోపల్నే కన్నుతోని చెప్తడు, ఫలానా మూల ఒక మిల్లీమీటర్ లేచింది అని. ఏడాదిన్నర సిమెంటుల చేతులు పెట్టి పని చేసిండు, ఏం కాలే. ఈ ఏడాదిన్నర మాట గుర్తుంచుకోండి, మళ్ళ దీని కాడికి వస్తం.

2023 ఎండాకాలం మొదలైంది. ముందు వేళ్ళ సందుల దురద. తర్వాత చేతి వెనక భాగం, ఆ తర్వాత మణికట్టు. సన్నసన్నని నీటి పొక్కులు లేస్తయి, గోకితే రసి కారుతది, ఆరితే పొట్టు లేచి చర్మం చీలుతది. రాత్రి మంచం ఊగుతుంటే తెలిసేది, పైన తమ్మి గోక్కుంటున్నడని. మందుల షాపుల మలయాళీ ఆయన ఒక్క చూపు చూసి గజ్జి మందు ఇచ్చిండు. మెడ కాడి నుంచి కాళ్ళ దాక రాసుకొని పొద్దున కడుక్కోవాలె అన్నడు. తమ్మే కాదు, అంటుకుంటదని భయపడి మేము అందరం రాసుకున్నం. తగ్గలే. మాకు ఎవరికీ రాలే కూడ. అప్పుడన్న ఆలోచన రావాల్సింది, గజ్జి అయితే ఒకే రూముల ఆరుగురికి రాకుండా ఎట్ల ఉంటదని. రాలే.

బకెట్ వేరు పెట్టినం. సబ్బు వేరు. చపాతి పిండి పిసుకుడు వంతుల నుంచి ఆయన పేరు తీసేసినం. పోవయ్యా అని ఎవ్వరం అనలే, కానీ అనకుండానే అన్ని చేసినం. తమ్మి ప్లేటు పట్టుకొని పోయి బయట మెట్ల మీద కూర్చొని తినేటోడు. "లోపల ఏసీ ఎక్కువైతుంది అన్నా, బయట మంచిగున్నది" అనేటోడు. జూలై నెల, సోనాపూర్ క్యాంపు మెట్లు. రాత్రి తొమ్మిదింటికి కూడ గోడ మీద చెయ్యి పెడితే కాలుతది. అక్కడ మంచిగ ఎట్ల ఉంటదో మాకు తెల్వదా? తెలుసు. ఊకున్నం.

సైటు మీద చేసింది ఇంకోటి. ఇది రాయమని తమ్మి అడగలే, మేమే రాస్తున్నం. చేతులు పనిచెయ్యక రెండు రోజులు రాకపోతే టైమ్ షీటుల ఆబ్సెంట్ కొట్టినం. సిక్ లీవు కాగితం లేదు కద, రూలు రూలే అన్నం. "అన్నా, ఇంకొక జత గ్లౌసులు ఇప్పియ్యుర్రి" అని అడిగితే, నెలకు ఒకటే జత, స్టోర్ కీపర్ మమ్మల్ని అడుగుతడు అన్నం. ఇచ్చిన ఆ జత కూడ ఉట్టి బట్ట గ్లౌసులు. తడి సిమెంటుల బట్ట గ్లౌసు వేసుకుంటే ఏమైతదో తెలుసా? బట్ట ఆ నీళ్ళను తాగి పది గంటలు చేతికి పట్టీ కట్టినట్టు పెట్టుకుంటది. దానికంటే గ్లౌసు లేకుండా పని చేసి గంటకోసారి కడుక్కునుడు నయం. సూపర్‌వైజర్లం, ఆ మాత్రం తెల్వదు మాకు.

గజ్జి మందు పనిచెయ్యకపోతే ఇంకో తెల్ల ట్యూబు ఇచ్చిండ్రు. అది రాస్తే రెండు రోజుల్ల సాఫ్. ఆపితే నాలుగు రోజుల్ల మళ్ళ. ఇట్ల ఆరు నెలలు. అది స్టెరాయిడ్ ట్యూబు అని తర్వాత తెలిసింది. డాక్టరు చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందే, కానీ చెప్పేటోడు లేక నెలల కొద్ది రాస్తే చర్మం ఉల్లిపొర తీరుగ పల్చబడుతది. పల్చబడ్డ చర్మంల నుంచి సిమెంటు ఇంకింత సులువుగ లోపలికి పోతది. మందు రాసుడు, అదే చేతితోని పనికి పోవుడు, పొయ్యిల కట్టె పెట్టుకుంటనే నీళ్ళు చల్లినట్టు.

2024 ల ఛుట్టీ పోయిండు. రెండు నెలలు ఇంటికాడ ఉన్నడు. పదిహేను రోజుల్ల చేతులు నున్నగ అయినయి. ఫోటో పెట్టిండు. చూసి మేము ఏమన్నమంటే, "ఇక్కడి నీళ్ళు పడుతలేవు బిడ్డా, సముద్రం నీళ్ళు కద." వాపస్ వచ్చిండు. శనివారం డ్యూటీ ఎక్కిండు, మంగళవారం రాత్రి మంచం ఊగింది. మేము పక్కాగ అనుకున్నం, నీళ్ళే. కానీ అవే నీళ్ళతోని మేము కూడ స్నానం చేస్తున్నం. ఊరికి పోతే తగ్గుతది, పనికి వస్తే లేస్తది అంటే మనిషికీ పనికీ నడుమ ఏదో ఉన్నదని అర్థం. ఇంత సాఫు లెక్క మాకు తట్టలే.

ఇగ అసలు విచిత్రం. చేతులు చూసి మాకే పాపం అనిపించి, స్టోర్ల కొట్లాడి మంచి తోలు గ్లౌసులు ఇప్పిచ్చినం. రిగ్గర్లకు ఇస్తరు చూడండి, మందంగ, అవి. వారంల చేతులు ఇంకా ఖరాబ్ అయినయి. పైంగ కాళ్ళ మీద, సేఫ్టీ షూ ఎక్కడి దాక వస్తదో అక్కడి దాక, గీత గీసినట్టు పొక్కులు. "షూ కూడ పడదా నీకు, షేకు బిడ్డవా" అని నవ్వినం. తమ్మి కూడ నవ్విండు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తుకొస్తే మాకు అన్నం పోతలేదు.

ఆ తర్వాత నెలకు పగుళ్ళల్ల చీము పట్టి జ్వరం వచ్చింది. ఎమర్జెన్సీ లీవు పెట్టి ఇంటికి పోయిండు. వాళ్ళ బావ హైదరాబాద్‌ల ఒక పెద్ద దవాఖానకు తీస్కపోయిండు. అక్కడి చర్మం డాక్టరమ్మ ఫస్ట్ అడిగిన మాట, "ఏం పని చేస్తవ్?" మూడేండ్లల్ల ఎవ్వరూ అడగని మాట అది.

ప్యాచ్ టెస్ట్ అని చేసిండ్రు. వీపు మీద వరుసగ బిళ్ళలు అంటిస్తరు. ఒక్కో బిళ్ళల ఒక్కో మందు చుక్క, అంటే లోహాలు, రబ్బరుల కలిపేవి, ఎపాక్సీ, వాసన సామాను, ఇట్లాంటివి. రెండు రోజులు వీపు తడపరాదు, చెమట పట్టే పని చెయ్యరాదు. రెండు రోజులకు బిళ్ళలు పీకి చూస్తరు, మళ్ళ ఒకటి రెండు రోజులు ఆగి ఇంకోసారి చూస్తరు. తమ్మి వీపు మీద అన్నీ సాఫ్, ఒక్క జాగల ఎర్రగ ఉబ్బి పొక్కులు లేచినయి. ఆ చుక్క పేరు పొటాషియం డైక్రోమేట్. అంటే క్రోమియం. "నీకు సిమెంటు పడదు, జీవితం మొత్తం పడకపోవచ్చు" అని డాక్టరమ్మ చెప్పింది. తమ్మి ఆ రాత్రి ఫోన్ చేసి ముందు చెప్పింది రోగం పేరు కాదు. "అన్నా, గజ్జి కాదట. ఎవ్వరికీ అంటదట."

రూముల ఎవ్వరం మాట్లాడలే కొంచెంసేపు.

ఇప్పుడు రోగం సంగతి. డాక్టరమ్మ తమ్మికి చెప్పింది, మా సైటు సేఫ్టీ ఆఫీసర్ తమిళ్ అన్న చెప్పింది, మేము ఫోన్ల చదువుకున్నది కలిపి మాకు సమజైన తీరుగ రాస్తున్నం.

సిమెంటు చేసే సున్నపురాయిల, మట్టిల క్రోమియం అనే లోహం కొద్దిగ ఉంటది. బట్టీల 1450 డిగ్రీల దాక కాల్చేసరికి అందుల కొంత నీళ్ళల్ల కరిగే రకంగ మారుతది. బసంత్‌నగర్ పొగ గొట్టాలు చూసుకుంట పెరిగినోళ్ళం మాల ఇద్దరున్నరు, వాళ్ళకు కూడ ఇది కొత్త. సిమెంటుల నీళ్ళు పొయ్యంగనే ఆ క్రోమియం నీళ్ళల్లకు దిగుతది. చర్మం నుంచి లోపలికి పోతది. పోయి మన చర్మంల ఉండే మాంసకృత్తులకు అతుక్కుంటది.

ఉట్టి క్రోమియం అయితే చాలా చిన్నది, మన ఒంటి కాపలాదారులకు కనబడదు. మాంసకృత్తుకు అతుక్కున్నంక కనబడుతది, కానీ ఎట్ల? మన కంపెనీ యూనిఫాం వేసుకున్న బయటి మనిషి లెక్క. చర్మంల ఉండే కాపలా కణాలు దాన్ని పట్టుకొని చంక కాడ ఉండే గ్రంథుల దాక తీస్కపోయి అక్కడున్న సిపాయి కణాలకు చూపిస్తయి, "ఈ మొఖం గుర్తు పెట్టుకో" అని. అవి గుర్తు పెట్టుకుంటయి. ఇది ఎట్లుంటదంటే, ఇక్కడి నుంచి డిపోర్ట్ చేసేటప్పుడు కండ్లు స్కాన్ చేసి పంపిస్తరు కద. ఆ మనిషి పాస్‌పోర్టు మార్చి, పేరు మార్చి, పదేండ్లకు ఏ ఎయిర్‌పోర్టుల దిగినా కన్ను పెట్టంగనే మిషన్ పట్టేస్తది. గట్లనే. ఒక్కసారి ఒంట్ల బ్యాన్ పడిందంటే మళ్ళ తీసేయించుడు మనతోని కాదు. తర్వాత సిమెంటు ఇంత తాకినా సిపాయిలు ఉరికొస్తరు. దురద, ఎర్రదనం, పొక్కులు, అవన్నీ సిమెంటు చేసే పని కాదు, మన సిపాయిలే మన చర్మం మీద చేసే లాఠీఛార్జి.

అయితే ఆ సిపాయిలు వచ్చుడు వెంటనే కాదు. రెండు రోజులు, మూడు రోజులు పడుతది. శనివారం తాకితే సోమవారమో మంగళవారమో లేస్తది. అందుకే దొరకదు ఈ దొంగ. దురద లేచిన రోజు మనం ఏం తిన్నం, ఏ సబ్బు వాడినం అని వెతుకుతం. రొయ్యలు బంద్ చేస్తం, వంకాయ బంద్ చేస్తం. రెండు రోజుల కిందటి సిమెంటు మీద అనుమానం రాదు.

ఇప్పుడు ఆ ఏడాదిన్నర మాట. మనోళ్ళు అందరూ అనే మాట ఒకటుంటది: "20 ఏండ్ల సంది సిమెంటుల చేతులు పెడుతున్నం, మాకేం కాలే, వీనికే అయ్యిందా?" మేము కూడ అన్నం, తమ్మి మొఖం మీదనే. ఆ బ్యాన్ ఒక్కొక్కనికి ఒక్కో టైముల పడుతది. కొందరికి నెలల్ల, కొందరికి 15 ఏండ్లకు, కొందరికి ఎప్పటికీ పడదు. ఇన్నేండ్లు పడలేదు అంటే ఇగ పడదు అని గ్యారంటీ లేదు. చర్మం పగిలి ఉంటే, చెమటల నానితే పడే ఛాన్సు ఇంకా ఎక్కువ.

తోలు గ్లౌసుల ముడి కూడ అప్పుడే విడిపోయింది. తోలును మెత్తగ, గట్టిగ చేసేటందుకు ఎక్కువ శాతం క్రోమియం ఉప్పులతోనే పదును పెడతరు. చెమటల నానిన తోలుల నుంచి అది దిగుతది. అంటే మేము మందు అని విషం తొడిగించినం. సేఫ్టీ షూ కూడ తోలే. షేకు బిడ్డ కాదు, పాపం, క్రోమియం బాధితుడు.

ఇది మన గల్ఫుల పుట్టిన రోగం కూడ కాదు. ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు నడుమ సముద్రం కింద రైలు సొరంగం ఉన్నది కద, 1994 ల తెరిచిండ్రు. దాన్ని కట్టినోళ్ళల్ల వందల మందికి సిమెంటు చర్మరోగం వచ్చింది. తెల్లోళ్ళు, మంచి జీతాలు, అయినా వచ్చింది. చర్మానికి పాస్‌పోర్టు తెల్వదు. డెన్మార్క్ దేశం 1983 లనే సిమెంటుల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి ఆ క్రోమియాన్ని చంపాలె అని చట్టం పెట్టింది. కొన్నేండ్లకు అక్కడి కూలీలల్ల ఈ ఎలర్జీ బాగ తగ్గింది. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం అదే రూలు. సిమెంటుల నీళ్ళల్ల కరిగే ఆ రకం క్రోమియం పది లక్షల పాళ్ళల్ల 2 పాళ్ళు దాటితే, చేతితోని వాడే పనులకు అమ్మరాదు. 50 కిలోల బస్తాకు లెక్కేస్తే గ్రాముల పదో వంతు. అంత తక్కువ ఉండాలె అంటే అది ఎంత ఖతర్నాకో అనుకోండి.

ఈ ఫెర్రస్ సల్ఫేట్ అంటే ఏందో తెలుసా? మన అన్నభేది. నారుమడి పచ్చబారకుండ తెల్లగ, పసుపుగ అయితే మన నాయినలు నీళ్ళల్ల కలిపి కొట్టేది అదే. మాల ఒకాయన ఇది వినంగనే, "మా ఇంటి కొట్టంల ఇప్పటికీ సగం సంచి ఉన్నది" అన్నడు. అట్లని సంచి తెచ్చి సైటు మీద కలుపుకునేది కాదు, కొలత ప్రకారం ఫ్యాక్టరీలనే కలపాలె. కలిపినంక కూడ దాని బలం కొన్ని నెలలే ఉంటది, తేమ తగిలితే ఇంకా తొందరగ పోతది. అందుకే ఆ దేశాలల్ల బస్తా మీద తారీఖు, ఎన్ని రోజుల దాక పనిచేస్తదో రాస్తరు. మా సైటుకు వచ్చే బస్తాలు తిప్పి తిప్పి చూసినం, మాకైతే అట్లాంటి రాత ఏదీ కనబడలే.

సిమెంటుకు ఇంకో గుణం ఉన్నది, దీన్ని ఎలర్జీతోని కలపకండి. తడి సిమెంటు సున్నం తీరుగ కాలుస్తది, ఇది ఎవరికైనా అయితది, బ్యాన్ అక్కరలేదు. పోయిన ఏడాది రాత్రి స్లాబు పోసేటప్పుడు ఒక బీహారీ భాయ్ గమ్ బూటుల కాంక్రీటు నీళ్ళు పోయినయి. నొప్పి లేదని పొద్దటి దాక అట్లనే నిలబడ్డడు. బూటు తీస్తే మడిమె చుట్టు తోలు సాక్సుతోని ఊడొచ్చింది. సిమెంటు కాలిస్తే నొప్పి ఆలస్యంగ తెలుస్తది, అదే దాని మోసం. లోపలికి పోతే ఆ నిమిషంలనే బూటు విప్పాలె, 20 నిమిషాలు మంచినీళ్ళు ధార కట్టాలె. స్లాబు ఆగితే ఆగనియ్యుర్రి.

ఎపాక్సీ పని చేసే అన్న అడిగిండు కద. అన్నా, మీది ఇంకా జాగ్రత్త పడే కథ. ఎపాక్సీ గట్టిపడ్డంక ఏం కాదు, కలిపేటప్పుడు, పూసేటప్పుడే. రెండు డబ్బాలు కలుపుతరు, రెండూ బ్యాన్ వేయించే రకాలే. తాకకున్నా కండ్ల రెప్పలు ఉబ్బితే, మొఖం ఎర్రబడితే అది ఎండ కాదు, ఎపాక్సీ ఆవిరి కావచ్చు. పల్చటి తెల్ల రబ్బరు గ్లౌసులు దాన్ని ఆపవు, నైట్రైల్ గ్లౌసులు కావాలె, అవి కూడ పని నడుమ మార్చాలె. చేతికి అంటితే థిన్నర్ పెట్టి తుడుస్తరు మనోళ్ళు. థిన్నర్ మురికిని తీసినట్టు చర్మం మీది నూనెను కూడ తీసి తలుపు బార్లా తెరిచి పెడతది. సబ్బు, నీళ్ళు, అంతే.

పీయూ ఫోమ్ కొట్టేటోళ్ళకు, కొన్ని రకాల పీయూ వాటర్‌ప్రూఫింగ్ పూసేటోళ్ళకు ఇదే బ్యాన్ చర్మంల కాకుండ ఊపిరితిత్తులల్ల పడుతది. అందుల ఐసోసయనేట్లు అనేవి ఉంటయి. రాత్రి దగ్గు, ఛాతి పట్టేసుడు, పిల్లికూతలు, సెలవు రోజు హాయి, డ్యూటీ ఎక్కితే మళ్ళ మొదలు. ఇట్లుంటే సిగరెట్ల మీదికి, ఏసీ మీదికి తొయ్యకండి. ఒకసారి పడిందంటే పక్క ఫ్లోర్ల కొట్టినా ఆయాసం రావచ్చు, ప్రాణం మీదికి కూడ రావచ్చు. గ్రానైటు, టైల్స్ పొడిగ కోసేటోళ్ళ దుమ్ము సంగతి వేరే పెద్ద పోస్టు రాయాలె. ఊపిరితిత్తులు గట్టిపడుడు ఒక్కటే కాదు, ఆ దుమ్ముతోని ఒంట్లె సిపాయిలే ఎదురు తిరిగి కీళ్ళవాతం, చర్మం బిగుసుకునే రోగం కూడ రావచ్చునట. కృత్రిమ రాయి పలకలను ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి మొత్తానికే బంద్ పెట్టింది, ఆ దుమ్ముకు భయపడే.

మళ్ళ తమ్మి కాడికి వస్తం. టెస్టు కాగితం పట్టుకొని వాపస్ వచ్చిండు. ఆ కాగితం కంపెనీకి చూపియ్యాలెనా వద్దా అని రూముల మూడు రాత్రులు పంచాయితి. చూపిస్తే అన్‌ఫిట్ అని టికెట్ చేతుల పెడతరేమో. చూపియ్యకపోతే మళ్ళ టైల్స్. అప్పు ఇంకా అరవై వేలుండె. ఆఖరికి సూపర్‌వైజర్లం ఇద్దరం ఆ కాగితం పట్టుకొని ప్రాజెక్ట్ మేనేజర్ కాడికి పోయినం. రెండేండ్లు ఆబ్సెంట్ కొట్టిన చేతులతోని ఆ ఒక్క పని చేసినం. ఆయన మంచిగనే విన్నడు, నిజం చెప్పాలె. స్టోరుల వేసిండు, సిమెంటు లేని స్టోరు, ఎలక్ట్రికల్ సామాను. తోలు లేని సేఫ్టీ షూ కోసం రెండు నెలలు తిరిగినం, దొరికింది. కానీ టైల్స్ మేస్త్రీ రేటు పోయింది, ఓవర్‌టైమ్ పోయింది. నెలకు 500 దిర్హాములు తక్కువ. చేతులు దక్కినయి, పైసలు పోయినయి. దీన్ని గెలుపు అనాల్నో ఏమనాల్నో మాకు తెల్వదు. అంత మంచి చెయ్యి, ఇప్పుడు కేబుల్ గ్లాండ్లు లెక్కపెడుతున్నది.

సైటు మీద మేము మార్చింది కొద్దిగనే. బట్ట గ్లౌసులు బంద్ చేసి, మణికట్టు పై దాక వచ్చే, నైట్రైల్ పూత ఉన్న గ్లౌసులు రాయిస్తున్నం. చినిగితే పాతది చూపిచ్చి కొత్తది తీస్కోవచ్చు, నెల లెక్క లేదు. స్టోర్ కీపర్ గునుస్తడు, గునగనియ్యి. మిక్సింగ్ కాడ ఒక డ్రమ్ము మంచినీళ్ళు, చేతులు కడుగుటందుకే. అందుల తాపీలు ముంచితే తిడుతున్నం. రాత్రి చేతులకు కొబ్బరినూనె గానీ, వాజిలిన్ గానీ రాసుకోమంటున్నం, గ్లౌసుకు బదులు కాదు, గ్లౌసు విప్పినంక. ఎవనికన్న వేళ్ళ సందుల దురద మొదలైందంటే వెంటనే చెప్పమంటున్నం, దాచొద్దు అని. దాస్తరు, మాకు తెలుసు. మెడికల్‌ల ఫెయిల్ చేస్తరని భయం, రూముల వేరు పెడతరని భయం. ఆ రెండో భయం మాత్రం మన చేతుల్లనే ఉన్నది. అడిగిన ముగ్గురు అన్నలు కూడ చర్మం డాక్టరు కాడికి పోయి, ప్యాచ్ టెస్ట్ అని పేరు పెట్టి అడగండి. ఏం పని చేస్తరో, ఏం తాకుతరో మీరే ముందు చెప్పండి. అడిగే దాక చూడకండి.

తమ్మి మొన్న ఛుట్టీల ఉన్నడు. ఇల్లు కట్టుకుంటున్నడు ఊర్లె, రెండు రూములు, ముందట వరండా. దుబాయిల మేస్త్రీ పని చేసినోడు సొంత ఇంటికి చెయ్యి పెడితలేడు, ఎనకకు జరిగి నిలబడుతున్నడు అని ఊరోళ్ళ మాటలు. వాళ్ళ నాయిన కూడ అన్నడట, "బాగ దొరతనం నేర్చినవ్ రా" అని. తమ్మి చెప్పి చూసిండు, సిమెంటు పడుడు ఏంది, పడకపోవుడు ఏంది అన్నరట. స్లాబు పోసే రోజు కొబ్బరికాయ కొట్టి, మొదటి తట్ట ఇంటాయన పొయ్యాలె అన్నరు. ఇక్కడి నుంచి పోయేటప్పుడు మేము సంచిల వేసిన నైట్రైల్ గ్లౌసులు రెండు జతలు, ఒకదాని మీద ఒకటి తొడుక్కొని, ఫుల్ చేతుల అంగీ వేసుకొని పోసిండు. అందరు నవ్విండ్రట. భార్య మాత్రం బకెట్‌ల మంచినీళ్ళు పట్టుకొని పక్కనే నిలబడ్డదట.

ఆ రోజు సోమవారం. మేము మంగళవారం అడగలే, బుధవారం అడగలే. గురువారం రాత్రి డ్యూటీ నుంచి రాంగనే వీడియో కాల్ చేసినం. ఐదుగురం ఒకే ఫోన్ మీద పడ్డం. చేతులు చూపియ్యమన్నం. ముందు భాగం చూపిచ్చిండు, వెనక చూపిచ్చిండు. వేళ్ళ సందులు కూడ చూపియ్యి బిడ్డా, లైటు కిందికి వచ్చి చూపియ్యి అన్నం. వరండాలకు వచ్చి బల్బు కింద వేళ్ళు ఎడం చేసి చూపిచ్చిండు. ఏం లేదు. సాఫుగ ఉన్నయి.

ఆ ఆరో మనిషి మొన్ననే వాపస్ వచ్చిండు. ఇప్పుడు ఇది రాస్తుంటే చపాతి పిండి పిసుకుతున్నడు.